సంచకరువు ఇచ్చే ముందు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. నగరాలలో కాపురం ఉంటున్న మనలో ఈనాడు ఇల్లు కట్టేవారి కంటె, కట్టిన ఇల్లు కొనేవారే ఎక్కువ. కట్టేవారికి ఇటుకతోను, ఇసుకతోను, మేస్త్రీతోను తగవు. కొనేవారికి కాగితంతో తగవు. గోడ వంకరగా లేస్తే కంటికి కనబడుతుంది. దస్తావేజులోని వంకర అట్లా కనబడదు. అది కనబడే నాటికి సొమ్ము చేతులు మారి ఉంటుంది.

బెంగళూరులోనైనా, చెన్నపట్నంలోనైనా, షోలాపూరు, బరంపురాలలోనైనా ఈ వ్యవహారం నడిచే తీరు ఇంచుమించు ఒక్కటే. ఆదివారంనాడు కుటుంబమంతా వెళ్లి ఇల్లు చూస్తారు. ఇల్లాలికి వంటగది నచ్చుతుంది. తాతగారు తూర్పు వాకిలి చూసి తల ఊపుతారు. దళారి పక్కకు పిలిచి, "సాయంత్రం ఇంకొక పార్టీ వస్తున్నారండీ. ఈ రోజు మంచిది, అడ్వాన్సు ఇచ్చేయండి, మిగతావన్నీ తరువాత మాట్లాడుకోవచ్చు" అంటాడు. పూర్వం తాంబూలంలో నూటపదహార్లు పెట్టి ఇచ్చేవారు. ఇప్పుడు చేతిలోని ఫోను మీద వేలితో నొక్కితే రెండు లక్షలు వెళ్లిపోతాయి. "తరువాత మాట్లాడుకోవచ్చు" అన్న ఆ ఒక్క మాటలోనే చిక్కంతా ఉన్నది.

ఇట్లా ముందుగా ఇచ్చే సొమ్మును పాత తెలుగులో సంచకరువు అన్నారు. బయానా అనీ అంటారు. మరాఠీవారు విసారు అంటారు. మనం అడ్వాన్సు అంటున్నాము. పేరు ఏదైనా, ఈ సొమ్ము చేతులు మారకముందే, "ఫలానా సంగతి ఫలానా తేదీలోగా జరిగితేనే ఈ బేరం, జరగకపోతే నా సొమ్ము నాకు వాపసు" అనే షరతులు కొన్ని వ్రాయించుకోవలెనని మేము చెప్పదలచాము. పది పదిహేను షరతులు అక్కరలేదు. కొన్ని చాలును. ఆ కొన్ని ఏవో తెలుసుకొని ఎంచుకొనడంలోనే గృహస్థు తెలివి ఉన్నది.

అగ్రిమెంటు వలన మనకు వచ్చేదేమిటి?

అగ్రిమెంటు అయిపోయింది గనుక ఇల్లు సగం మనదే అయినట్టు అనుకొంటారు చాలమంది. చట్టం అట్లా అనుకోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం, అమ్మకపు ఒప్పందం వలన ఆ ఆస్తి మీద కొనేవారికి ఎట్టి హక్కూ తనంతట తాను ఏర్పడదు. రిజిస్టరు అయిన క్రయపత్రం చేతికి వచ్చినప్పుడే హక్కు వస్తుంది. కొనేవారు అన్యాయంగా వెనక్కు తగ్గకపోతే, వారు ముందుగా ఇచ్చిన సొమ్ముకు ఆ ఇంటి మీద ఒక విధమైన పూచీ ఉంటుందని అదే చట్టం 55వ సెక్షను చెబుతున్నది. కాని తప్పు ఎవరిదని తేల్చేది కోర్టు. కోర్టు తేల్చే నాటికి పిల్లలు పెద్దవారవుతారు.

ఇందుకు దృష్టాంతం కావలసినవారు బెంగళూరు కోర్టులలో మొదలై, 2025 మే నెలలో సుప్రీంకోర్టులో ముగిసిన ఒక వ్యాజ్యాన్ని చూడవచ్చు. 2007లో ఒక ఆస్తిని 55 లక్షల 50 వేల రూపాయలకు కొనేందుకు ఒప్పందం జరిగింది. కొనేవారు 20 లక్షలు అడ్వాన్సు ఇచ్చారు. మిగిలినది నాలుగు నెలలలో చెల్లించవలెనని గడువు. చెల్లింపు జరగలేదు. అడ్వాన్సు జప్తు అవుతుందని కాగితంలో ఉన్నది. అమ్మేవారు తప్పితే వారు రెండింతలు ఇవ్వవలెననీ ఉన్నది గనుక అది ఏకపక్షపు షరతు కాదని కోర్టు అన్నది. పైగా కొనేవారు తమ దావాలో, "ఇల్లు ఇప్పించకపోతే సొమ్మైనా ఇప్పించండి" అని ప్రత్యేకంగా కోరలేదు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 22వ సెక్షను ప్రకారం, కోరనిదానిని కోర్టు ఇవ్వదు. పద్దెనిమిదేళ్ల తరువాత ఇల్లూ రాలేదు, ఇరవై లక్షలూ రాలేదు.

చట్టంలో కొనేవారికి రక్షణ బొత్తిగా లేకపోలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, ఒప్పందం తప్పినవారి నుండి న్యాయమైన పరిహారం మాత్రమే రాబట్టవచ్చును. కాగితంలో ఎంత వ్రాసి ఉన్నా అది గరిష్ఠ పరిమితి మాత్రమే. అయితే నిజమైన సంచకరువు, అనగా బేరానికి హామీగా ఇచ్చిన సొమ్ము, కొనేవారి తప్పు వలన బేరం చెడితే జప్తు కావచ్చునని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. కనుక రక్షణ ఉండవలసినది తరువాత వచ్చే కోర్టులో కాదు, ముందు వ్రాసే కాగితంలో.

షరతు అనగా నాలుగు సంగతులు

ఒక సంఘటన జరిగితేనే అమలు జరిగే ఒప్పందాలను చట్టం అంగీకరిస్తుంది. కాంట్రాక్టు చట్టం 31వ సెక్షను మొదలు కొన్ని సెక్షనులు దీనికే కేటాయించారు. కాని షరతు వ్రాయడంలో మనవారు పొరబడుతూ ఉంటారు. "బాంకు అప్పు దొరికితే కొంటాను" అని ఒక్క వాక్యం వ్రాసి సంతృప్తి పడతారు. ఎంత అప్పు? ఎన్నాళ్లలోగా? దొరకలేదని చెప్పవలసినది ఎవరు? చెప్పిన తరువాత అడ్వాన్సు ఏమి కావాలి? ఇవేవీ లేని షరతు తాళంలేని తలుపు వంటిది.

కావున ప్రతి షరతులోనూ నాలుగు సంగతులు ఉండవలెను. ఏమి జరగవలెను, ఎవరు జరిపించవలెను, ఏ తేదీలోగా, జరగకపోతే సొమ్ము ఎన్ని దినాలలో ఎవరికి. ఈ నాలుగింటిలో చివరిదానినే మనం తరచు మరచిపోతాము. అమ్మేవారు చెడ్డవారు కానక్కరలేదు. మన అడ్వాన్సును వారు తమ కొత్త ఇంటికి అడ్వాన్సుగా ఇచ్చి ఉంటారు. అడిగినప్పుడు వారి చేతిలో ఉండదు. వాపసుకు తేదీ వ్రాసి ఉంటే వారూ జాగ్రత్తపడతారు.

ఇక ఏయే షరతులు ఉన్నవో చూద్దాము.

హక్కు షరతు

అన్నింటికంటె ముఖ్యమైనది ఇదే. "అమ్మేవారి హక్కుపత్రాలను మా వకీలు పరిశీలించి, హక్కు నిర్దోషమని లిఖితపూర్వకంగా చెప్పిన తరువాతనే బేరం ఖాయం" అన్నది దీని సారాంశం. సాధారణంగా వకీళ్లు ముప్పై ఏళ్ల దస్తావేజుల వరుసను చూస్తారు. దానితోపాటు సబ్ రిజిస్ట్రారు కచేరీ నుండి ఋణభార పత్రం తెప్పిస్తారు. ఇది తమిళనాట విల్లంగ సర్టిఫికేటు. కర్ణాటకలో దానినే ఇ.సి. అంటారు. వ్యవహారాలు ఏవైనా ఉంటే 15వ నంబరు ఫారంలో, లేకపోతే 16వ నంబరు ఫారంలో ఇస్తారు.

ఈ పత్రం చూసి నిశ్చింతగా నిద్రపోరాదు. ఇందులో రిజిస్టరు అయిన వ్యవహారాలే కనబడతాయి. రిజిస్టరు కాని వీలునామా, కోర్టులో నడుస్తున్న వ్యాజ్యం, పన్ను బాకీ ఇందులో కనబడవు. అసలు దస్తావేజులను బాంకులో ఉంచి తీసుకొన్న అప్పు కూడ రిజిస్టరు కాకపోతే కనబడదు. అందుచేత అసలు పత్రాలను కళ్లారా చూడవలెను. జిరాక్సు కాపీలు చూపి, "అసలువి లాకరులో ఉన్నాయి" అంటే, లాకరు తెరిచేదాకా ఆగవలెను. బాంకు తాకట్టులను నమోదు చేసే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ 2011 నుండి పనిచేస్తున్నది. కొద్ది రుసుము చెల్లించి ఎవరైనా వెదకవచ్చును.

రాష్ట్రం మారితే కాగితం పేరు మారుతుంది. కర్ణాటకలో ఖాతా, పహణీ. తమిళనాట పట్టా. మహారాష్ట్రలో ఫ్లాటుకు సొసైటీవారి షేరు సర్టిఫికేటు, భూమికి సాత్‌బారా. బెంగళూరులో 'ఏ' ఖాతా, 'బి' ఖాతా అనే తేడా ఉన్నది. 'బి' ఖాతా ఆస్తికి అప్పు ఇవ్వడానికి చాల బాంకులు వెనుకాడుతాయి. కర్ణాటకలో ప్రభుత్వం షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి మంజూరు చేసిన భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా కొంటే 1978 నాటి చట్టం ప్రకారం అది చెల్లదు. ఊరి చివర సైటు కొనేవారు ఆ భూమి మొదట ఎవరికి ఎట్లా వచ్చినదో తప్పక అడగవలెను.

వారసుల సంగతి మరీ సున్నితమైనది. తండ్రి పోయిన తరువాత అన్నదమ్ములు ఇద్దరూ సంతకాలు పెడతారు. పెళ్లయి వెళ్లిన ఆడపడుచు మాట ఎవరూ ఎత్తరు. "మా చెల్లెలు ఏమీ అనదండీ" అంటారు. ఆమె అనకపోవచ్చును. చట్టం అంటుంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కును కొన్ని రాష్ట్రాలు ముందే ఇచ్చాయి. ఆంధ్రప్రదేశ్ చట్టం 1985 నుండి, తమిళనాడు చట్టం 1989 నుండి, కర్ణాటక చట్టం 1994 నుండి అమలులోకి వచ్చినవి. 2005 సెప్టెంబరు 9 నుండి ఇది దేశమంతటికీ వర్తించింది. ఆ తేదీనాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. తండ్రి స్వార్జితమైనా, వీలునామా లేకుండా పోతే కూతురు వారసురాలే. కనుక "వారసులందరూ, ఆడపడుచులతో సహా, క్రయపత్రం మీద సంతకం చేయవలెను" అన్నది షరతులో ఉండవలెను.

వారసులలో మైనరు ఉంటే, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం తల్లిగాని తండ్రిగాని మైనరు స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మరాదు. వారసులలో ఒకరు అమెరికాలో ఉండి, ఇక్కడివారికి అధికారపత్రం పంపడం మన కుటుంబాలలో నిత్యం చూస్తున్నాము. ఆ పత్రం అమ్మకానికి స్పష్టంగా అధికారం ఇస్తున్నదా, ఇండియాకు వచ్చిన మూడు నెలలలోగా దానికి స్టాంపు వేయించారా, ఇచ్చినవారు జీవించి ఉన్నారా అన్న మూడూ చూడవలెను. ఇచ్చినవారు మరణిస్తే సాధారణంగా ఆ అధికారం అంతటితో సరి. అధికారపత్రం మీదనే ఇల్లు చేతులు మారడం అమ్మకం కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పాత అప్పు తీర్చే షరతు

అమ్మే ఇంటి మీద బాంకు అప్పు ఉన్నంత మాత్రాన భయపడనక్కరలేదు. ఒక విధంగా అది మంచిదే, ఎందుకంటే ఒక బాంకువారు ఆ పత్రాలను ఒకసారి చూసి ఉంటారు. చూడవలసినది సొమ్ము నడిచే దారి. మన సొమ్ము అమ్మేవారి చేతికి వెళ్లి, అక్కడినుండి బాంకుకు వెళ్లేటట్లు వ్రాయవద్దు. "బాకీ ఎంత ఉన్నదో బాంకు ఇచ్చిన లేఖ ప్రకారం ఆ మేరకు సొమ్ము నేరుగా బాంకు అప్పుఖాతాకే చెల్లించబడును" అని వ్రాయవలెను. అప్పు పూర్తిగా తీరిన 30 రోజులలో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వవలెననీ, బాంకు తప్పు వలన ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించవలెననీ రిజర్వు బాంకు నిబంధన 2023 డిసెంబరు నుండి అమలులో ఉన్నది. మన అగ్రిమెంటులో గడువు వేసుకొనేటప్పుడు ఆ 30 రోజులను లెక్కలో పెట్టుకోవలెను.

మన అప్పు షరతు

నెలజీతాల కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడనే. ఒక లెక్క చూడండి. ఫ్లాటు ధర 80 లక్షలు. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉన్న గృహఋణానికి ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వరాదని రిజర్వు బాంకు పరిమితి. 80 లక్షలలో 80 శాతం 64 లక్షలు వస్తుంది, మిగతా 16 లక్షలు మన దగ్గర ఉన్నవి, సరిపోయింది అనుకొంటాము. బాంకు తరఫున వచ్చిన ఇంజనీరు ఆ ఫ్లాటుకు 72 లక్షలే విలువ కట్టాడనుకోండి. బాంకువారు సాధారణంగా ధర, విలువ ఈ రెండింటిలో తక్కువదానినే లెక్కకు తీసుకొంటారు. అప్పుడు దొరికేది 57 లక్షల 60 వేలు. ఒక్క సంతకంతో 6 లక్షల 40 వేలు లోటు పడింది. స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు దీనిమీద వేరు. అప్పటికే 8 లక్షలు అడ్వాన్సు ఇచ్చి, "60 రోజులలో మొత్తం చెల్లించకపోతే అడ్వాన్సు జప్తు" అన్న కాగితం మీద సంతకం చేసి ఉంటే ఆ గృహస్థు ఏమి చేస్తాడు? భార్య నగల వైపు చూస్తాడు.

కనుక ఈ షరతులో అప్పు మొత్తాన్ని అంకెలలో వ్రాయవలెను. నమూనాగా ఇట్లా ఉండవచ్చును: "కొనేవారు ఈ తేదీనుండి 7 రోజులలోగా బాంకుకు దరఖాస్తు చేయవలెను. 45 రోజులలోగా 64 లక్షల రూపాయలకు తక్కువ కాని అప్పు మంజూరు కాకపోతే, ఆ సంగతిని బాంకు లేఖతో సహా వ్రాతమూలంగా తెలిపి, కొనేవారు ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చును. అట్టి రద్దు జరిగిన 15 రోజులలోగా అమ్మేవారు అడ్వాన్సు యావత్తు తిరిగి చెల్లించవలెను." ఇందులో మొదటి వాక్యం అమ్మేవారి రక్షణకు. దరఖాస్తే పెట్టకుండా కూర్చొని, "అప్పు రాలేదు" అనడానికి కొనేవారికి వీలుండరాదు. ఇట్లా ఉభయులకూ న్యాయంగా ఉన్న షరతే కోర్టులో నిలుస్తుంది, బేరంలోనూ నిలుస్తుంది.

ఇంటి పరిస్థితి షరతు

గోడలకు కొత్త సున్నం వేసిన ఇల్లు ముఖానికి పౌడరు వేసుకొన్నట్టు ఉంటుంది. నమ్మకమైన ఇంజనీరును ఒకరిని తీసుకువెళ్లి పైకప్పు చెమ్మ, దూలాల పగుళ్లు, నీటి గొట్టాలు, విద్యుత్తు తీగలు చూపించడానికి పది రోజులు గడువు అడగవచ్చును. వర్షం కురిసిన మరునాడు వీధి చూడడం మరీ మంచిది. 2015 డిసెంబరులో చెన్నపట్నంలో వేళచ్చేరి, ముడిచూరు ప్రాంతాలవారు, 2022 సెప్టెంబరులో బెంగళూరు బెళ్లందూరు వైపువారు నీటిలో ఎట్లా చిక్కుకొన్నారో మనం మరువలేదు.

కంటికి కనబడని రెండవ పరీక్ష, మంజూరైన ప్లానుకూ కట్టిన ఇంటికీ పోలిక. మూడు అంతస్తులకు అనుమతి పొంది నాలుగు కట్టిన చోట, నాలుగవ అంతస్తులోని ఫ్లాటు చౌకగా వస్తుంది. ఆ చౌకకు కారణం అదే. భవనం నివాసయోగ్యమని ఇచ్చే పత్రం, అనగా ఓ.సి., ఉన్నదో లేదో అడగవలెను. ఆ పత్రం చూసిన తరువాతనే బాంకులు అప్పు ఇవ్వవలెననీ, నీరు, విద్యుత్తు కలపవలెననీ 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఓ.సి. లేని ఫ్లాటును ఈనాడు మనం కొన్నా, రేపు మన దగ్గర కొనేవారికి అప్పు దొరకడం కష్టం.

స్వాధీనం షరతు

ఇంటిలో అద్దెకున్నవారు ఉంటే, "వారిని మీరే ఖాళీ చేయించుకోండి" అన్న మాటకు ఒప్పుకోరాదు. రిజిస్ట్రేషను నాటికి ఖాళీ ఇల్లు అప్పగించవలెననీ, ఆ తేదీ వరకు పన్ను, నీటిపన్ను, విద్యుత్తు, అపార్టుమెంటు సంఘం చందా బాకీలు అమ్మేవారివేననీ వ్రాయించుకోవలెను. బీరువాలు, గాలిపంకాలు, కారు నిలిపే చోటు ధరలో చేరినవా లేదా అన్న చిన్న విషయాలు కూడ వ్రాస్తే తరువాత మాటపట్టింపులు ఉండవు.

కొత్తగా కట్టే ఫ్లాటు అయితే

బిల్డరు దగ్గర కొనేటప్పుడు షరతులు మనం వ్రాయలేము, అచ్చువేసిన కాగితం వారే ఇస్తారు. ఇక్కడ 2016 నాటి స్థిరాస్తి చట్టం, వాడుకలో రెరా, మన తరఫున కొన్ని షరతులు ముందే వ్రాసి పెట్టింది. రిజిస్టరు అయిన అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో పదో వంతుకు మించి తీసుకోరాదు. కొనుగోలుదారుల నుండి వచ్చే సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, భూమి, నిర్మాణ ఖర్చులకే వాడవలెను. చెప్పిన తేదీకి ఫ్లాటు ఇవ్వకపోతే, కొనేవారు వద్దనుకొని సొమ్మును వడ్డీతో వాపసు అడగవచ్చును. స్వాధీనం ఇచ్చిన అయిదేళ్లలోగా కట్టడంలో లోపం బయటపడితే ఉచితంగా బాగుచేయవలెను. స్థలం 500 చదరపు మీటర్లకు మించకపోయినా, ఫ్లాటులు ఎనిమిదికి మించకపోయినా కేంద్రచట్టం ప్రకారం రెరా నమోదు అక్కరలేదు. కనుక చిన్న వీధిలోని ఆరు ఫ్లాటుల భవనంలో కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను.

ఏవి ఎంచుకోవలెను?

ఇన్ని చెప్పిన తరువాత, అన్నీ కాగితం మీద పెట్టి అమ్మేవారి ముందు ఉంచితే ఆయన ఏమంటారు? "మీరు ఇల్లు కొనేందుకు వచ్చారా, దావా వేసేందుకు వచ్చారా?" అంటారు. పక్కనే ఏ షరతూ లేకుండా కొంటానన్న ఇంకొకరికి ఇచ్చేస్తారు. ప్రతి షరతుకూ ఖరీదు ఉన్నది. అది అమ్మేవారికి కలిగించే నిరీక్షణ, సందేహం. కనుక ఒక్కొక్కదానినీ మూడు ప్రశ్నలతో జల్లించవలెనని మా సలహా.

మొదటిది: ఈ సంగతి అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోగలమా? తేల్చుకోగలిగినదానికి షరతు ఎందుకు? ఋణభార పత్రం కోసం చాల చోట్ల ఇంటినుండే ఆన్‌లైనులో దరఖాస్తు పెట్టవచ్చును. ఇంజనీరుతో ఒక పూట చాలును. రెండు రోజులు ఆలస్యం చేసి అయినా ఇవి ముందే ముగించుకొంటే రెండు షరతులు తగ్గుతాయి.

రెండవది: ఇది మన చేతిలో లేని సంగతా? అప్పు మంజూరు, ఆడపడుచు సంతకం, కోర్టు అనుమతి, పాత బాంకు దస్తావేజులు, ఇవేవీ మన ప్రయత్నంతో జరిగేవి కావు. షరతు ఉండవలసినది ఇటువంటివాటికే.

మూడవది: ఇది జరగకపోతే ఈ ఇల్లు నిజంగా వద్దంటామా? స్నానాలగది గొట్టం కారుతున్నదని ఎవరూ బేరం వదులుకోరు. అటువంటిదానిని ధరలో తగ్గించుకోవచ్చును, షరతుగా పెట్టనక్కరలేదు.

ఇట్లా జల్లిస్తే సాధారణంగా హక్కు, పాత అప్పు, మన అప్పు, స్వాధీనం ఈ నాలుగే మిగులుతాయి. సొంత ఇల్లు అమ్మి కొత్తది కొనేవారు "నా ఇల్లు అమ్ముడుపోతేనే" అన్న షరతు పెట్టాలనుకొంటారు. దానికి అమ్మేవారు ఒప్పుకోవడం అరుదు. ముందు పాత ఇంటికి అగ్రిమెంటు చేసుకొని, తరువాత కొత్త ఇల్లు వెదకడమే సుఖం.

అమ్మేవారు తటపటాయిస్తే వారికి ఇవ్వదగినవి రెండు ఉన్నవి. ఒకటి, గడువు తగ్గించడం. 90 రోజులకు బదులు 45 అంటే వారికి భరోసా. రెండు, అడ్వాన్సును మెట్లుగా ఇవ్వడం. మొదట ఒక లక్ష, హక్కు షరతు తీరిన రోజున కొంత, అప్పు మంజూరైన రోజున మరికొంత. షరతులు తీరకముందు అమ్మేవారి చేతిలో ఎంత తక్కువ సొమ్ము ఉంటే, వాపసు అంత సులభం.

సొమ్ము, కాగితం, గడువు

అడ్వాన్సు బాంకు ద్వారానే ఇవ్వవలెను. స్థిరాస్తి బేరాలలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా పుచ్చుకొనడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. ధర 50 లక్షలు గాని, అంతకు మించి గాని ఉంటే, కొనేవారే ఒక శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టవలెను. అమ్మేవారు విదేశాలలో స్థిరపడినవారైతే మినహాయింపు నిబంధనలు వేరు, మొత్తమూ ఎక్కువ. అది ముందే ఆడిటరును అడిగి, ఎవరు ఎంత కట్టేదీ అగ్రిమెంటులో వ్రాయవలెను.

తమిళనాట 2012 డిసెంబరు నుండి అమ్మకపు అగ్రిమెంటును కూడ రిజిస్టరు చేయవలెను. ఏ రాష్ట్రంలోనైనా, క్రయపత్రానికి ముందే ఇంటిలో చేరదలచుకొంటే అగ్రిమెంటు రిజిస్టరు చేయించనిదే 2001 సవరణ తరువాత చట్టం ఆ స్వాధీనాన్ని కాపాడదు.

గడువు పొడిగిస్తే ఆ మాట కూడ కాగితం మీదకు రావలెను. "ఇంకో నెల ఆగండి, ఫరవాలేదు" అని ఫోనులో అన్న మాటకు తరువాత సాక్ష్యం దొరకదు. అమ్మేవారు తప్పితే, ఒప్పందంలోని తేదీ నుండి మూడేళ్లలోగా దావా వేయవలెను. మనం సిద్ధంగా ఉన్నామని చూపే బాంకు లేఖలు, నోటీసులు దాచుకోవలెను.

మనవారే కదా, మాట చాలదా?

ఇల్లు అమ్మేవారు అపరిచితులైతే ఈ జాగ్రత్తలన్నీ పడతాము. సంఘంలో ఏళ్ల తరబడి కలిసి ఉగాది జరుపుకొన్న మిత్రులో, వియ్యాలవారి బంధువులో అయితే నోరు పెగలదు. "బాబాయిగారిని షరతులు అడగడమా?" అనిపిస్తుంది. పరాయి ఊళ్లో తెలుగువాడు తెలుగువానిని నమ్మడం మనకు గర్వకారణమే. కాని బాబాయిగారి మాట మీద అనుమానం లేకపోయినా, బాంకువారు ఏమంటారో ఆయనకూ తెలియదు కదా! ఆయన కొడుకులు, కూతుళ్లు రేపు ఏమంటారో మనకూ తెలియదు. షరతు అనేది మనిషి మీద అనుమానం కాదు. ఇద్దరికీ తెలియని రేపటికి ముందుగా చేసుకొన్న ఏర్పాటు.

కనుక సౌమ్యంగానే అడగవచ్చును. "బాబాయిగారూ, అప్పు ఇచ్చే బాంకువారు అగ్రిమెంటు చూస్తారు. ఈ నాలుగు మాటలూ అందులో ఉంటే మీకూ నాకూ నిశ్చింత. మీకు కావలసిన షరతులు కూడ చెప్పండి, వ్రాయిద్దాము" అంటే పెద్దమనిషి ఎవరూ కాదనరు. కాదన్నారంటే, ఆ సంగతి అడ్వాన్సు ఇవ్వకముందే తెలిసిందని సంతోషించి, మరో ఆదివారం మరో ఇల్లు చూసుకొనవచ్చును.